బడి ల్యాబ్ గంట నుంచి ఎనిమిది కాళ్ల చిప్ దాకా

కిందటేడు సంక్రాంతి సెలవుల్లో మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక చిన్న తగాదా జరిగింది. అమెరికాలో స్థిరపడ్డ మిత్రుడొకడు స్టీవ్ జాబ్స్ జీవిత చరిత్ర చదువుతూ, "ఒరేయ్, ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండే స్విచ్చింగ్ పవర్ సప్లై ఆపిల్ వాళ్లదేనట, మిగతావాళ్లంతా కాపీ కొట్టారట" అని పెట్టాడు. నేను ఉండబట్టలేక "కాదురా" అన్నాను. వాడు పుస్తకంలో ఆ పేజీ ఫొటో తీసి పెట్టాడు. నేను నాలుగు పేరాలు రాశాను. మిగతావాళ్లు దండం బొమ్మలు పెట్టి తప్పుకున్నారు. ఈ సంగతి తెలిసిన సంచిక సంపాదకులు, "ఆ నాలుగు పేరాల్నీ కాస్త పెంచి మాకివ్వండి" అన్నారు. ముప్పయ్యేళ్లకు పైగా ఈ పవర్ సప్లైల మీదే అన్నం తిన్నవాణ్ణి, కాదనలేకపోయాను.

సైన్సు వదిలేసి చాలా కాలమైన మిత్రులు పేజీ తిప్పేయకండి. ఈ కథ మొదలయ్యేది మన తొమ్మిదో తరగతి ఫిజిక్స్ ల్యాబ్‌లోనే. చెక్కపలక మీద బిగించిన ఎలక్ట్రిక్ బెల్ గుర్తుందా? బ్యాటరీ తగిలిస్తే విద్యుదయస్కాంతం ఇనుప పట్టీని లాగుతుంది, సుత్తి గంటను కొడుతుంది. పట్టీ కదలగానే కాంటాక్టు ఊడి కరెంటు ఆగిపోతుంది, పట్టీ వెనక్కి వస్తుంది, మళ్లీ కాంటాక్టు కలుస్తుంది. మాస్టారు ఆ కాంటాక్టు దగ్గర లేచే చిన్న నీలి మెరుపును చూపించి, "ఒకటిన్నర వోల్టు సెల్లు పెట్టాం, ఆ మెరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పండిరా" అని అడిగేవారు. ఎవరం చెప్పలేకపోయేవాళ్లం. ఇవాళ మీ జేబులో ఉన్న ఫోన్‌లో బ్యాటరీని పొదుపుగా వాడుతున్నది ఆ మెరుపే.

ముందు అసలు ఇబ్బంది ఏమిటో చెప్పాలి. మన ఇళ్లలో పాత ఫ్యాన్ రెగ్యులేటర్లు ఉండేవి, గోడకు బిగించిన పెద్ద నల్ల డబ్బాలు. ఫ్యాన్‌ను ఒకటి మీద పెడితే ఆ డబ్బా వేడెక్కేది. ఫ్యాన్‌కు అక్కర్లేని వోల్టేజీని లోపలి తీగచుట్ట వేడిగా మార్చి పారబోసేది. ఎలక్ట్రానిక్స్‌లో లీనియర్ రెగ్యులేటర్ అనేదీ అంతే, కాకపోతే కొంచెం తెలివైన డబ్బా. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు కావాలనుకోండి. వాడకానికి చేరేది 10 వాట్లు, బ్యాటరీ నుంచి తీసుకునేది 24 వాట్లు, మధ్యలో 14 వాట్లు వేడి. అంత వేడిని వదిలించుకోవడానికి అరచేతంత అల్యూమినియం రెక్కలు, ఒక్కోసారి ఒక ఫ్యానూ పెట్టాలి.

స్విచ్‌కు ఈ బాధ లేదు. తెరిచి ఉన్నప్పుడు దానిగుండా కరెంటు పారదు, మూసి ఉన్నప్పుడు దాని మీద వోల్టేజీ నిలవదు. రెండిట్లో ఒకటి సున్నా అయినప్పుడు వేడి కూడా సున్నాయే. అందుకని 12 వోల్టుల్ని తగ్గించే బదులు, సెకనుకు వేలసార్లు వేస్తూ తీస్తూ ఉంటే సగటున 5 వోల్టులు వస్తాయి. పల్లెటూళ్లలో పొలాలకు త్రీఫేజ్ కరెంటు రోజుకు కొన్ని గంటలే ఇస్తారు. ఆ కాసేపూ బోరు మోటారు నడిచి నీటితొట్టి నింపుతుంది, తొట్టి నుంచి కాలవలోకి నీళ్లు రోజంతా ఒకే తీరుగా పారతాయి. కరెంటు ఎన్ని గంటలు ఇచ్చారన్నదాన్ని బట్టి కాలవలో పారకం ఉంటుంది. మన సప్లైలో తొట్టి పని చేసేవి తీగచుట్టా కెపాసిటరూ. తీగచుట్టకు ఒక మొండితనం ఉంది, తనలో పారే కరెంటు ఉన్నట్టుండి మారితే ఒప్పుకోదు. స్విచ్ తెరిచేసినా సరే, ఏదో ఒక దారి వెతుక్కుని కరెంటును పంపుతూనే ఉంటుంది. దారి లేకపోతే వోల్టేజీని వందల్లోకి పెంచి గాలిలోంచే దూకిస్తుంది. మాస్టారి నీలి మెరుపు అదే. ఆ మెరుపుకు ఒక డయోడ్‌తో దారి చూపించి మన పనికి వాడుకోవడమే ఈ విద్య మొత్తం.

ఆ మెరుపును మొదట కావాలని పెద్దది చేసినవాడు ఒక పాదిరీ. ఐర్లండ్‌లోని మెయినూత్ కళాశాలలో పాఠాలు చెప్పిన నికొలస్ కాలన్, 1836లో ఒకే ఇనుప కడ్డీ మీద రెండు చుట్టలు చుట్టి, మొదటిదాంట్లో కరెంటును కలుపుతూ తెంపుతూ రెండోదాంట్లో పెద్ద వోల్టేజీ పుట్టించాడు. మన ల్యాబ్ బీరువాలో ఉన్న ఇండక్షన్ కాయిల్‌కు మూలం అదే. ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను చూపించి అప్పటికి అయిదేళ్లే.

దీనితో పొట్టపోసుకున్న మొదటి వస్తువు మాత్రం కారు రేడియో. అప్పటి కార్లలో 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. రేడియో వాల్వులకు రెండు వందల వోల్టుల చిల్లర కావాలి. 1930లో వచ్చిన తొలి కారు రేడియోలకు విడిగా పెద్ద పెద్ద డ్రై బ్యాటరీలు కారు నేల కింద పెట్టుకోవలసి వచ్చేది. కొద్ది సంవత్సరాల్లోనే వైబ్రేటర్ వచ్చి వాటిని తీసేయించింది. చిన్న అల్యూమినియం డబ్బా, లోపల స్ప్రింగు పట్టీ, అటూ ఇటూ కాంటాక్టులు. అచ్చంగా మన బెల్లే, సుత్తీ గంటా లేవంతే. సెకనుకు సుమారు 115 సార్లు కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఒకసారి ఇటు, ఒకసారి అటు తోసేది. రేడియో పెట్టగానే పాటకంటే ముందు జుయ్యిమని శబ్దం వినిపించేది. కాంటాక్టులు మెరుపులకు కాలిపోయి, కొన్నాళ్లకు అంటుకుపోయేవి. అందుకే దాన్ని వాల్వులాగే పీకి మార్చుకునేట్టు పిన్నులతో చేసేవారు. కరెంటు లేని అమెరికా పల్లెల్లో రైతుల రేడియోలు కూడా ఇలాగే కారు బ్యాటరీ మీద నడిచాయి.

1947 చివర్లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టాక, కదిలే పట్టీతో పని లేకపోయింది. వెస్టింగ్‌హౌస్ సంస్థలో జార్జ్ రాయర్ అనే ఇంజనీరు 1950ల మధ్యలో చేసిన సర్క్యూట్ చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రెండు ట్రాన్సిస్టర్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్, అంతే. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ అయస్కాంతంతో నిండిపోయి ఇక పట్టనప్పుడు, పనిచేస్తున్న ట్రాన్సిస్టర్‌కు ఊతం పోయి ఆగిపోతుంది, రెండోది లేస్తుంది. ఎప్పుడు మారాలో చెప్పే గడియారం విడిగా లేదు, కోరే గడియారం. దీని తమ్ముడనదగ్గ సర్క్యూట్ ఒకటి ఎల్‌ఈడీలు రాకముందు ల్యాప్‌టాప్ తెరల వెనక సన్నటి ట్యూబులైట్లను వెలిగించింది. అంటే మనలో చాలామంది రాయర్ పేరు వినకుండానే ఆయన మనవల్ని ఒళ్లో పెట్టుకుని పనిచేశాం.

తరవాతి పదేళ్లు ఈ విద్య ఆకాశంలోనూ మిలిటరీలోనూ పెరిగింది. కారణం సులువే. ఉపగ్రహంలో ప్రతి వాటూ సౌర ఫలకం నుంచి రావాలి, ప్రతి గ్రామూ రాకెట్ మోయాలి, వేడి పోవడానికి గాలి లేదు. 1962 నాటి టెల్‌స్టార్ ఉపగ్రహంలో, మినిట్‌మన్ క్షిపణిలో, చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో గైడెన్స్ కంప్యూటర్‌లో స్విచ్చింగ్ సప్లైలే ఉన్నాయి. ఖర్చు ఎంతైనా పెట్టగలిగే చోట్ల మాత్రమే అప్పుడు ఇది సాగింది. ట్రాన్సిస్టర్లు ఖరీదు, పైగా నెమ్మది. స్విచ్ వేసి తీసే ఆ మధ్య క్షణంలో కరెంటూ వోల్టేజీ రెండూ ఉంటాయి కదా, ట్రాన్సిస్టర్ నెమ్మదిగా కదిలితే ఆ క్షణం సాగి వేడి పుడుతుంది.

1960ల చివరికి అధిక వోల్టేజీని తట్టుకుంటూ వేగంగా కదిలే ట్రాన్సిస్టర్లు చవకయ్యాయి. ఇక్కణ్ణుంచి ఒకరిని చూసి ఒకరు కాదు, అందరూ ఒకేసారి ఆ దారి పట్టారు. 1970 ప్రాంతంలో టెక్ట్రానిక్స్ తన 7000 వరస ఓసిల్లోస్కోపుల్లో వాడటం మొదలుపెట్టింది. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 క్యాలిక్యులేటర్‌లో చిన్న స్విచ్చింగ్ సప్లై ఉంది. 1973లో జిరాక్స్ వాళ్ల ఆల్టో కంప్యూటర్‌లో ఉంది. అప్పట్లో చాలామంది 20 కిలోహెర్ట్జ్ దగ్గర నడిపేవారు. ఆ అంకెకు కారణం గణితం కాదు, చెవి. అంతకంటే తక్కువైతే ట్రాన్స్‌ఫార్మర్ కూత మనిషికి వినిపిస్తుంది, పక్కన కూర్చున్నవాడికి పిచ్చెక్కుతుంది.

రాబర్ట్ బోషర్ట్ పేరు ఇక్కడ చెప్పకపోతే పాపం. ఈయన 1970లో కాలిఫోర్నియాలో తన వంటింటి బల్ల మీద పని మొదలుపెట్టాడు. లక్ష్యం ప్రింటర్ల కోసం చవక సప్లై. అంతరిక్షం వాళ్లు వందల భాగాలతో చేసినదాన్ని ఆయన తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, ఫ్లైబ్యాక్ అనే సాదా పద్ధతికి తెచ్చాడు. స్విచ్ మూసి ఉన్నంతసేపూ శక్తి అయస్కాంతంలో చేరుతుంది, తెరవగానే అవతలి చుట్టలోంచి బయటకు వస్తుంది. మన కాలన్ పాదిరీ గారి కాయిలే, క్రమశిక్షణ నేర్చింది. 1977 నాటికి ఆయన సంస్థలో వందల మంది పనిచేస్తున్నారు, ఫైటర్ విమానాలకూ సప్లైలు వెళుతున్నాయి.

ఇప్పుడు మా వాట్సాప్ తగాదాకు వస్తాను. 1977లో ఆపిల్-2 కంప్యూటర్ వచ్చింది. జాబ్స్‌కు ఫ్యాన్ మోత గిట్టదు. ఫ్యాన్ లేకుండా, పల్చటి ప్లాస్టిక్ పెట్టెలో ఇమిడే సప్లై కావాలి. అటారీలో పనిచేసిన రాడ్ హోల్ట్‌ను పట్టుకున్నారు. ఆయన 38 వాట్ల ఫ్లైబ్యాక్ సప్లై చేసి ఇచ్చాడు. పేటెంటూ వచ్చింది. మంచి ఇంజనీరింగ్, అందులో అనుమానం లేదు. ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్‌కు ఆ రోజుల్లో అలాంటి సప్లై పెట్టడానికి ధైర్యం కూడా కావాలి. హోల్ట్‌కు తగిన పేరు రాలేదని జాబ్స్ బాధపడ్డాడు, అదీ న్యాయమే. కానీ తరవాత కంప్యూటర్లన్నీ ఆ డిజైన్‌ను కాపీ కొట్టాయన్న మాట నిలబడదు. ముందే చాలామంది చేశారని పైన చెప్పాను. తరవాతివాళ్ల దారీ వేరే. ఆపిల్-2 సప్లైలో కంట్రోలర్ చిప్ లేదు, ట్రాన్సిస్టర్ తనంతట తానే ఊగే పద్ధతి. తరవాత కంప్యూటర్ డబ్బాల్లో ఏళ్ల తరబడి కనిపించినవి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎల్494 చిప్పూ, దాని నకళ్లూ, రెండు ట్రాన్సిస్టర్ల హాఫ్ బ్రిడ్జీ. రెండు సర్క్యూట్లనూ పక్కపక్కన పెడితే ఇంజనీరింగ్ రెండో ఏడు విద్యార్థి కూడా తేడా చెప్పగలడు. ఒక మనిషికి అన్యాయం జరిగిందని చెప్పబోయి పదిమందికి అన్యాయం చేయడం నాకు నచ్చలేదు, అందుకే ఆ రోజు అంత గట్టిగా రాశాను. మిత్రుడు ఇంకా అలకలో ఉంటే ఈ సంచిక చదివి అలక తీరుస్తాడని ఆశ.

ఆ పదిమందిలో నా దృష్టిలో ముందు నిలిచేది రాబర్ట్ మమ్మానో. సిలికాన్ జనరల్ అనే చిన్న కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకడు. 1976లో ఎస్‌జీ1524 అనే చిప్ తెచ్చాడు. స్విచ్చింగ్ సప్లైని అదుపు చేయడానికే పుట్టిన మొదటి ఐసీ అది. లెక్కేస్తే మన పూర్వ విద్యార్థుల సంఘానికీ దానికీ ఇంచుమించు ఒకటే వయసు. అంతవరకూ ప్రతి ఇంజనీరూ పదీ ఇరవై భాగాలతో తన సొంత కంట్రోలర్ తానే కట్టుకునేవాడు. మమ్మానో వాటన్నింటినీ 16 కాళ్ల పురుగులో పెట్టాడు. అయిదు వోల్టుల ప్రామాణిక వోల్టేజీ, రంపపు పళ్ల ఆకారంలో తరంగం పుట్టించే ఓసిలేటర్, అవుట్‌పుట్‌ను ప్రామాణికంతో పోల్చి తేడాను పెంచి చూపే యాంప్లిఫయర్, ఆ తేడాను రంపపు పళ్లతో పోల్చి స్విచ్ ఎంతసేపు మూసి ఉంచాలో తేల్చే కంపారేటర్. అవుట్‌పుట్ తగ్గితే స్విచ్ మూసి ఉండే కాలం పెరుగుతుంది, పెరిగితే తగ్గుతుంది. ఇవాళ్టి ఏ కంట్రోలర్ డేటాషీట్ తెరిచినా ఈ బొమ్మే, కాస్త అటూ ఇటూగా కనిపిస్తుంది.

మమ్మానో తరవాత యూనిట్రోడ్ వైపు వెళ్లాడు. 1980ల్లో అక్కణ్ణుంచి వచ్చిన యూసీ3842 ఎనిమిది కాళ్లదే, కానీ కొత్త ఆలోచన. వోల్టేజీ ఒక్కటే కాదు, స్విచ్‌లో ప్రతి విడతా పారే కరెంటును కూడా కనిపెట్టి చూస్తుంది, హద్దు దాటగానే ఆ విడతకు ఆపేస్తుంది. దీన్ని కరెంట్ మోడ్ అంటారు. అవుట్‌పుట్‌లో ఎవరైనా షార్టు చేసినా ట్రాన్సిస్టర్ బతికి బట్టకడుతుంది. దానికీ ఒక జబ్బు ఉంది. స్విచ్ సగం కంటే ఎక్కువ కాలం మూసి ఉండవలసి వస్తే, ఒక విడత పొడుగ్గా, మరో విడత పొట్టిగా తూలడం మొదలుపెడుతుంది. కరెంటు కొలతకు కొంచెం రంపపు పళ్ల తరంగాన్ని కలిపితే తగ్గుతుంది. ఈ చిట్కా తెలియక తలలు పట్టుకున్నవాళ్లను ఎంతమందిని చూశానో.

మన ఊళ్లలో ఈ విద్యను ముందుగా చేత్తో ముట్టుకున్నది ఇంజనీర్లు కాదు, టీవీ మెకానిక్కులు. 1982 ఏషియన్ గేమ్స్‌తో కలర్ టీవీలు వచ్చాయి. సాయంత్రం అందరూ లైట్లు వేయగానే వోల్టేజీ 150కి పడిపోయే ఊళ్లు మనవి. టీవీ పక్కన దానంత స్టెబిలైజర్ ఒకటి టకటకమంటూ ఉండేది. కలర్ టీవీలోని ఎస్ఎంపీఎస్ ముందు మెయిన్స్‌ను డీసీ చేస్తుంది, తరవాత దాన్ని ముక్కలు కోస్తుంది. లోపలికి వచ్చేది తగ్గితే కోత కాలం పెంచుకుంటుంది, అందువల్ల 150 అయినా 250 అయినా దానికి ఒకటే. నెమ్మదిగా స్టెబిలైజర్లు అటకెక్కాయి. ఆ మెకానిక్కులకు ఫ్లైబ్యాక్ అన్న మాట పాఠంగా తెలియదు. కానీ "మెయిన్ కెపాసిటర్‌లో 300 వోల్టులు నిలవ ఉంటుంది, సెట్టు ఆపినా ముట్టుకోకు" అని శిష్యుడికి చెప్పడం తెలుసు. కొంతమందికి దెబ్బ తిన్నాకే తెలిసింది.

ఇక లెక్కల సంగతి. సప్లై బిగించగానే 5 వోల్టులు రావడం పెద్ద పని కాదు. వాడకం ఉన్నట్టుండి పెరిగినా తరిగినా అది ఊగకుండా నిలబడటమే పని. స్విచ్ తెరిచినప్పుడు ఒక సర్క్యూట్, మూసినప్పుడు మరో సర్క్యూట్, మనం నేర్చిన గణితం దేనికీ సూటిగా పనిచేయదు. అమెరికాలోని కాల్‌టెక్‌లో ఆర్. డి. మిడిల్‌బ్రూక్, ఆయన దగ్గర చదువుకున్న యుగోస్లావియా వాడు స్లోబొదాన్ చూక్ కలిసి 1976లో దీనికి దారి చూపారు. రెండు సర్క్యూట్లనూ వాటి వాటి కాలాల నిష్పత్తిలో సగటు చేసి ఒకే సర్క్యూట్‌గా చూసే పద్ధతి అది. కంట్రోలర్ చిప్పూ దాన్ని అర్థం చేసుకునే గణితమూ ఒకే ఏడాది రావడం విశేషం. కాల్‌టెక్‌లోనే పీహెచ్‌డీ చేసిన ప్రొఫెసర్ వి. రామనారాయణన్ బెంగళూరు ఐఐఎస్‌సీలో చెప్పిన పాఠాల పుస్తకం మన దేశంలో ఎంతోమందికి ఈ గుట్టు విప్పింది.

నాకు ఈ గణితం విలువ తెలిసింది ఒక అవమానంతో. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న సంస్థలో, టెలిఫోన్ పరికరానికి మైనస్ 48 వోల్టుల నుంచి 5 వోల్టులు ఇచ్చే ఫ్లైబ్యాక్ సప్లై నా చేత చేయించారు. ల్యాబ్‌లో బంగారంలా నడిచింది. యాభై బోర్డులు బయటకు వెళ్లాయి. వారం తిరక్కముందే ఫిర్యాదు, ఫోన్ మోగగానే పరికరం రీసెట్ అవుతోందని. రింగు కోసం ఒక్కసారిగా వాడకం పెరిగినప్పుడు 5 వోల్టులు కిందికి జారుతోంది. జారకుండా గట్టిగా పట్టుకోమని నేను యాంప్లిఫయర్ గెయిన్ పెంచాను. ఇంకా ఎక్కువ జారింది. మరింత పెంచాను, ఈసారి ఈల వేసింది. రెండు వారాలు నిద్ర లేదు.

మా సీనియర్ ఒకాయన, కృష్ణా జిల్లా రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు, నా వెనక నిలబడి ఓసిల్లోస్కోప్ తెర చూసి, "ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించి ఎప్పుడైనా రివర్స్ చేశావా?" అన్నాడు. చేయలేదన్నాను. "ట్రాలీ ఎడమకు పోవాలంటే ముందు స్టీరింగ్ కుడికి తిప్పాలి. తొందరపడ్డావో, ఎల్ ఆకారంలో మడతపడుతుంది. నీ ఫ్లైబ్యాక్ కూడా అంతే" అన్నాడు. ఫ్లైబ్యాక్‌లో స్విచ్ మూసి ఉన్నంతసేపూ అవుట్‌పుట్‌కు ఏమీ చేరదు, తెరిచినప్పుడే చేరుతుంది. అవుట్‌పుట్ తగ్గిందని కంట్రోలర్ మూసి ఉంచే కాలం పెంచితే, తెరిచి ఉండే కాలం తరుగుతుంది. అంటే ముందు ఇంకాస్త తగ్గి, తరవాతే పెరుగుతుంది. ఆ కాస్త తగ్గుదలను చూసి కంగారుపడే కంట్రోలర్ ఇంకా పెంచుతుంది, మడతపడుతుంది. గణితంలో దీన్ని కుడి సగంలో పడ్డ జీరో అంటారు. మందు ఏమిటంటే, లూప్‌ను నెమ్మది చేసి, ఆ లోపు వాడకాన్ని మోయడానికి అవుట్‌పుట్‌లో పెద్ద కెపాసిటర్ పెట్టడం. రెండు భాగాల మార్పు. యాభై బోర్డులూ వెనక్కి తెప్పించి నా చేత్తోనే సోల్డర్ చేశాను.

ఆ రోజుల్లో ఈ విద్యకు పుస్తకాలు అంతంత మాత్రం. చిప్ కంపెనీలు రాసే అప్లికేషన్ నోట్లే మాకు గురువులు. యూనిట్రోడ్ సెమినార్ పుస్తకాలు ఎవరికో ఒకరికి పోస్టులో వచ్చేవి, తక్కినవాళ్లం జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీయించి చదివేవాళ్లం. గ్రాఫుల్లో అంకెలు మసకబారి 3 అనేది 8లా కనిపించేది. లీనియర్ టెక్నాలజీ కంపెనీలో జిమ్ విలియమ్స్ 1987లో రాసిన నోటుకు ఆయన పెట్టిన పేరు 'కవుల కోసం స్విచ్చింగ్ రెగ్యులేటర్లు'. భయపడుతున్నవాళ్ల కోసం రాశానని ఆయనే చెప్పుకున్నాడు. ఓసిల్లోస్కోప్ తెర ఫొటోలతో, తన తప్పుల్ని దాచకుండా రాసేవాడు. నా యాభై బోర్డుల కథ ఇక్కడ చెప్పే ధైర్యం ఆయన్ను చదివే వచ్చింది.

1990ల మొదట్లో నేషనల్ సెమికండక్టర్ వారి ఎల్ఎం2576 లాంటి చిప్పులతో కథ మరో మలుపు తిరిగింది. స్విచ్ కూడా లోపలే, అయిదు కాళ్లు, బయట నాలుగు భాగాలు తగిలిస్తే చాలు. మనం ముందు చెప్పుకున్న 12 నుంచి 5 వోల్టుల లెక్కే చూడండి. ఈ చిప్ 52 కిలోహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, అంటే ఒక్కో విడత సుమారు 19 మైక్రోసెకన్లు. 12లో 5 కావాలి కాబట్టి స్విచ్ అందులో 5/12 వంతు, అంటే 8 మైక్రోసెకన్లు మూసి ఉండాలి. ఆ కాసేపూ తీగచుట్ట మీద 7 వోల్టులుంటాయి. కరెంటు 0.6 ఆంపియర్ మించి ఊగకూడదనుకుంటే 7ను 8తో హెచ్చించి 0.6తో భాగించండి, దాదాపు 93. బజార్లో దొరికే 100 మైక్రోహెన్రీల చుట్ట సరిపోతుంది. ఇదే 500 కిలోహెర్ట్జ్ దగ్గర చేస్తే 10 మైక్రోహెన్రీలు చాలు, బొటనవేలంత చుట్ట కందిగింజంత అవుతుంది. సప్లైలు చిక్కిపోవడం వెనక ఉన్న రహస్యం ఈ భాగహారమే. వేగం పెంచడానికి 1970ల చివర్లో వచ్చిన పవర్ మాస్‌ఫెట్‌లు వీలు కల్పించాయి.

ఆ తరవాతి కథ కంప్యూటర్ ప్రాసెసర్లది. 1993లో తొలి పెంటియమ్ 5 వోల్టుల మీద నడిచింది. ఇప్పటి ప్రాసెసర్లు ఒక వోల్టు చిల్లర దగ్గర వంద ఆంపియర్లు పైగా లాగుతాయి. ఒక వోల్టు సప్లైలో డయోడ్ అర వోల్టు తినేస్తే ఇక మిగిలేదేముంది? అందుకని డయోడ్ స్థానంలో ఇంకో మాస్‌ఫెట్ పెట్టి, మొదటిది తెరిచినప్పుడు రెండోదాన్ని మూస్తారు. పొరపాటున రెండూ ఒకేసారి మూసుకుంటే బోర్డు మీద పొగ. మధ్యలో నానోసెకన్ల విరామం ఇవ్వడం కంట్రోలర్ బాధ్యత.

ఇవాళ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎల్ఎం2596 మాడ్యూల్ అని అడిగితే, రెండు సమోసాలూ టీ తాగే డబ్బుకు ఇంచుమించుగా చేతిలో పెడతారు. కిందటి నెల అలాంటివి తెచ్చి పరీక్షించాను. ఆ చిప్ 150 కిలోహెర్ట్జ్ దగ్గర నడవాలి. ఓసిల్లోస్కోప్ పెడితే 50 దగ్గర నడుస్తోంది. పాత రకం చిప్ మీద కొత్త పేరు కొట్టారన్నమాట. చుట్ట మాత్రం 150కి సరిపడే 33 మైక్రోహెన్రీలదే. పైన చెప్పిన భాగహారం మళ్లీ చేయండి, 0.6 ఆంపియర్ ఊగవలసిన కరెంటు 1.7 ఊగుతుంది. చుట్ట చెయ్యి పెట్టలేనంత వేడి. ప్రాజెక్టుల కోసం వీటిని కొనే ఇంజనీరింగ్ పిల్లలు మన బడి నుంచి వెళ్లినవాళ్లలో ఉంటే, అమ్మేవాడు 3 ఆంపియర్లు అంటే 1 అని లెక్కేసుకోండి.

స్వర్ణోత్సవం రోజున ఫిజిక్స్ ల్యాబ్‌లో ఒక బల్ల నాకిస్తామని నిర్వాహకులు ఒప్పుకున్నారు. జుమ్మేరాత్ బజార్లో దొరికిన పాత కారు రేడియో వైబ్రేటర్ ఒకటి నా దగ్గరుంది, 6 వోల్టులు ఇస్తే ఇంకా జుయ్యిమంటోంది. దాన్నీ, గుజరాతీ గల్లీ మాడ్యూల్‌నూ, నా యాభై బోర్డుల్లో మిగిలిన ఒకదాన్నీ తెస్తాను. ఓసిల్లోస్కోప్ కూడా నాదే. చెక్కపలక మీది ఎలక్ట్రిక్ బెల్ మాత్రం బడిదే కావాలి. బీరువా తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గరుందో సైన్సు టీచర్లు కొంచెం కనుక్కుని పెట్టగలరు.